ఎర్రమూత బుడ్డి

నా నోరు మంచిది కాదని మా ఊర్లో ఎవుర్ని అడిగినా చెప్తారు. కొళాయి కాడ నేను నిలబడితే వరస తప్పే ధైర్యం ఎవురికీ చాలదు. రేషను బియ్యం తూకం తగ్గిందని బండి ముందర కూర్చోని, బండి కదలకుండా చేసినదాన్ని. మా ఆయన బతికినన్నాళ్లూ "భీమీ, నీ నోటికి తాళం యాడ దొరుకుతాదే" అని నవ్వేటోడు. అట్లాంటి దానికి, ఈ ఏడు మాట్లాడాల్సిన నాడు నోరు పెగల్లేదు. ఆ సంగతే చెప్తాండా. మద్దెలో నన్ను తిట్టాలనిపిస్తే తిట్టుకోండి, అడ్డం రాను.

పోయినేడు ఎండాకాలం మా ఊరి కోళ్లకు కొక్కెర తెగులు తగిలింది. అది తగిలితే పొద్దున పచ్చగా, సున్నం కలిపినట్టు పారుకుంటాయి. మద్యాన్నానికి రెక్కలు వాలేస్తాయి. మెడ ఒక పక్కకి మెలిపడిపోయి, నోరు తెరుచుకోని గాలికి కొట్టుకుంటాయి. వచ్చినాక ఇంగ ఏ మందూ పనిచేయదు. నా గూట్లో ఒక్కటంటే ఒక్క కోడి మిగల్లేదు. నా కొడుకు ఉమామహేశ్ ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోల్తాడు, ఎప్పుడో ఒకసారి ఇంటికొస్తాడు. ఇంట్లో ఉండేది నేనూ, నా కోడలు శివకుమారీ. పొద్దున లేస్తానే గంప ఎత్తి కోళ్లను వదిలేది నాకు అలవాటు. కింద ఏమీ లేదని తెలిసినా నా చెయ్యి పోయి గంప ఎత్తేది. ఉత్త నేల చూసి ఏడ్చినా. కోళ్లకు కూడా ఏడుస్తారా అని నవ్వే వాళ్లుంటే నవ్వుకోండి.

అప్పుడు నన్ను ఆదుకున్నది గోడవతల ఉండే ఉరుకుందమ్మ. నా కంటే పెద్దది, అక్కా అంటా. మొగుడు పోయినాడు, పిల్లోల్లు లేరు. మోకాళ్లు అరిగిపోయి కూలికి పోను చేతకాదు. ఆమెకు ఆధారం కోళ్లే. గుడ్లు అమ్ముకుంటాది, పండగలకు పుంజులు అమ్ముకుంటాది, దాంతోనే ఉప్పూ పప్పూ. తెగులు రాకముందే కొన్నిట్ని చేనికాడ కొట్టంలో పెట్టుకున్నందుకు ఆమెవి కొన్ని మిగిలినాయి. అందులోనుంచి పొడల పెట్టను సంకలో పెట్టుకోనొచ్చి నా ఒడిలో వేసింది.

"పాలుకిస్తాండా, పెట్టుకో" అనింది.

పాలుకిచ్చేది అంటే మా పక్క వాడుక. పెట్ట ఒకరిది, మేపేది ఇంకొకరు. పెట్ట పొదిగి పిల్లలు లేస్తే తొలి పొదుగులో సగం పెట్ట ఇచ్చినామెకు ఇయ్యాల. ఎంత కావలసిన వాళ్లయినా ఈ లెక్క తప్పరు. పొడల పెట్ట పొదిగింది. పిల్లలు కాకికీ గద్దకూ చిక్కనంత పెద్దవి అయినాక, నేను సగం బుట్టలో పెట్టుకోని అక్క వాకిట్లోకి పోయినా. ఆమె బుట్ట మూత కూడా తీయలేదు.

"మన మద్దెన పాలేందే భీమీ? పో, పో, తీసుకోని పో" అని నా వీపు మీద ఒకటి చరిచింది. పెట్టను కూడా మళ్లా అడగలేదు. నా వాకిట్లో తిరిగే ప్రతి కోడీ ఆ పొడల పెట్టవల్ల వచ్చిందే. ఈ మాట మనసులో పెట్టుకోండి.

ఈ ఏడు చలికాలం పోతాండగా కడప నుంచి మధులత డాక్టరమ్మ వచ్చింది. వేంపల్లె పక్క సేద్యం చేసుకునే ఇంటి పిల్ల. పశువుల డాక్టరు చదివి, కోళ్ల టీకాలు తయారు చేసే చోట పనిచేస్తాది. కొక్కెరకు టీకా ముందే ఉండాదంట. కానీ దానికి ఐసు కావాల. పెద్ద పెద్ద ఫారాలకు సరిపోతాది గానీ, ఇంటికి నాలుగు కోళ్లుండే మా మాదిరి ఊర్లకు ఆ పెట్టె వచ్చేలోపల ఎండకు మందు చచ్చిపోతాదంట. ఈమె చేసిన మందుకు ఐసు అక్కర్లేదు. కోడి కంట్లో చుక్క వేస్తే చాలు. ఏండ్ల తరబడి దాని మీదనే కూర్చునిందంట. అది మా ఎండకు, మా కోళ్లకు నిలబడ్తాదా లేదా చూసేదానికి మా ఊరికొచ్చింది.

బడికాడ ఆడోళ్లందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. సగం ఇండ్ల కోళ్లకు మందు వేస్తారంట, సగం ఇండ్ల కోళ్లకు ఉత్త ఉప్పునీళ్లు వేస్తారంట.

నేనూరుకుంటానా? "ఏమమ్మా, నీళ్లు పోసేదానికి కడప నుంచి రావల్నా? మా ఊర్లో నీళ్లు లేవా?" అన్నా. అందరూ నవ్వినారు. డాక్టరమ్మ కూడా నవ్వింది.

"అందరికీ మందే వేసినామనుకో అమ్మా, కోళ్లు బాగుంటే మందు వల్ల బాగుండాయా, ఈ ఏడు తెగులే రాలేదా అని ఎట్ల తెలిసేది?" అనింది. "ఎవురికి ఏది పడిందో నాకూ తెలీదు. ఆ సంగతి కడపలో మా పెద్దసారు కాడ సీలువేసి ఉండాది. తెలిస్తే నా కండ్లే నన్ను మోసం చేస్తాయి. వానాకాలం దాటినాక నీళ్లు పడిన ఇండ్లకు కూడా అసలు మందు వేస్తాం. ఇష్టం లేని వాళ్లు ఇప్పుడే చెప్పండి."

మాకు అది న్యాయంగానే తోచింది. ఒప్పుకున్నాము. చీట్లు తీసినారు. కొన్నిండ్లకు ఎర్రమూత బుడ్డి, కొన్నిండ్లకు నీలిమూత బుడ్డి. వీధికి రెండు బుడ్లు, ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. కోడి కాలికి కూడా అదే రంగు రింగు. ఉరుకుందక్కకు ఎర్రమూత వచ్చింది, నాకు నీలిమూత వచ్చింది. చుక్కలు వేసేదానికి ఊర్లో చదువుకున్న పిల్ల కావాలంటే నా కోడలు శివకుమారిని తీసుకున్నారు. ఇంటరు దాకా చదివింది, చెయ్యి నిదానం. ఈడ బాగా చేస్తే నందికొట్కూరు పక్క ఊర్లకు కూడా తీసుకపోతానని డాక్టరమ్మ మాటిచ్చింది. ఆ పిల్ల భుజానికి సంచి తగిలించుకోని వీధిలో నడిచిపోతాంటే నేనెంత మురిసిపోయినానో నాకే తెలుసు. పైకి మాత్రం "కలెక్టరమ్మ వచ్చింది, కాళ్లకు నీళ్లియ్యండి" అని ఎకసెక్కం చేసేదాన్ని.

కోళ్లు గంప కింద ఉన్నప్పుడే చుక్క వేయాల, వదిలితే ఇంగ చిక్కవు. అందుకని తెల్లవారేటప్పుడు, దినానికి ఒక వీధి పెట్టుకున్నారు. మా వీధి వంతు అన్నిటికంటే ఆఖరు.

మా వంతుకు ముందురోజు, ఉల్లిగడ్డలు ఇచ్చొద్దామని కింది వీధిలో మా పిన్నమ్మ ఇంటికి పోయినా. ఆ వీధిలో చుక్కలు అప్పటికే పడినాయి. చూస్తే ఆమె కోళ్లు కండ్లలో నీళ్లు కార్చుకుంటా, తుమ్ముకుంటా మూల కూర్చోనుండాయి. కాళ్లకు ఎర్ర రింగులు. పక్కింటి నీలి రింగు కోళ్లు చలాకీగా దిబ్బ కెలుకుతాండాయి. అమ్మయ్య, నాకు నీలిది పడింది, బతికినా అనుకున్నా. ఇంటికొచ్చి శివకుమారితో అదే మాట అన్నా.

ఆ పిల్ల నవ్వింది. "అది మంచికేలే అత్తా. ప్రాణమున్న మందు కదా. లోపల పనిచేస్తాంటే ఒకటి రెండు దినాలు అట్ల కండ్లు కారుస్తాయని డాక్టరమ్మ చెప్పింది" అనేసి, చప్పున నాలిక కరుచుకునింది. "ఎవురితో అనాకు అత్తా. ఏది ఏదో మనకు తెలియకూడదు."

తెలియకూడదంటే ఎట్ల? తెలిసిపోయింది. నా కోళ్లకు పడేది ఉప్పునీళ్లు.

ఐసు అక్కర్లేని మందు కదా, అదే నా కొంప ముంచింది. ఐసు కావాల్సిన మందయితే డాక్టరమ్మ జీపులోనే పెట్టెలో ఉండేది. ఈ మందు సంచిలో పెట్టి మా ఇంట్లో చిలక్కొయ్యకు తగిలించి ఉన్నింది. మా వీధి బుడ్లు రెండూ అందులోనే ఉన్నాయి. సాయంత్రం శివకుమారి బర్రెను పిండుకునేదానికి దొడ్లోకి పోయింది. నేను సంచి దించినా. రెండు మూతలూ తిప్పి తీసినా. లోపల చూస్తే రెండూ ఒకే మాదిరి తెల్లనీళ్లు. దీని మూత దానికి, దాని మూత దీనికి బిగించినా. బయట పాలు చెంబులో పడే చప్పుడు వినపడ్తానే ఉండాది. ఆ చప్పుడు నిలిచే లోపల సంచి మళ్లా కొయ్యకు ఎక్కింది.

ఉరుకుందక్కకు ఎర్రమూత అని నాకు తెలుసు. తెలిసే చేసినా. ఇప్పుడు ఎన్ని చెప్పినా ఆ మాట మాత్రం మారదు. ఆ గడియలో నా కండ్లముందర ఉన్నింది పోయినేటి ఖాళీ గంప ఒక్కటే. మనసుకు సర్దిచెప్పుకున్నా. ఏటేటా తెగులొస్తాదా ఏంది? వచ్చినా, పోయినసారి అక్కవి మిగిలినాయి, ఈసారీ మిగుల్తాయి. వానాకాలం దాటితే ఆమెకూ మందు పడనే పడ్తాది. ఇట్ల నాకు నేనే లాయరు, నాకు నేనే జడ్జీ. నాకు తట్టనిది ఒకటుండాది. ఆ రెండు బుడ్లు మా రెండిండ్లకే కాదు, వీధంతటికీ అవే.

అది తెల్లవారి తెలిసింది. శివకుమారి ముందు మా ఇంట్లోనే మొదలుపెట్టింది. నేను ఒక్కొక్క కోడిని పట్టిస్తాంటే కంట్లో చుక్క వేసి, కాలికి నీలి రింగు తొడిగింది. తరువాత గోడవతలికి పోయింది. ఉరుకుందక్క కోళ్లను బిడ్డల మాదిరి ఎత్తుకోని, "చూసి వెయ్యి పాపా, కన్ను నొప్పి పెట్టాకు" అంటాండాది. ఎర్రమూత తీసి చుక్కలేసి, అదే బుడ్డి పట్టుకోని ఆ పక్కింటికి పోయింది. ఆడినుంచి ఎదురింటికి. అప్పుడు చూసినా నేను. ఎర్ర రింగులు పడే ప్రతి ఇంటికీ ఆ నీళ్లే పోతాండాయి. "ఆగు పాపా" అని మాట గొంతు దాకా వచ్చింది. అంటే, ఏంటికి ఆగాల అని అడుగుతారు కదా? కొళాయి కాడ వీధి అదిరిపోయేటట్టు అరిచేదాన్ని, పోయి అరుగు మీద కూర్చున్నా.

రెండో దినానికి నా కోళ్లు కండ్లు కార్చుకుంటా తుమ్మడం మొదలుపెట్టినాయి. మందు పట్టిందని నాకు సంతోషం కావాల కదా, కాలేదు. గోడమీదనుంచి ఉరుకుందక్క చూసింది. వెంటనే మోకాళ్లు పట్టుకోని, చుట్టూ తిరిగి మా వాకిట్లోకి వచ్చింది. వెల్లుల్లిపాయ, వాము దంచి, జొన్నపిండిలో కలిపి ఉండలు చేసుకోనొచ్చింది. ఒక్కొక్క కోడిని ఒడిలో పెట్టుకోని నోరు తెరిచి తినిపించింది.

"నావి బాగానే ఉండాయి. నీవేందే పాపం ఇట్లయినాయి? దిష్టి తగిలినట్టుండాది" అని, ఆ పొడల పెట్ట తల నిమిరింది. నేను పక్కన కూర్చోని చూస్తాండా. చెప్పేదానికి అంతకంటే మంచి సమయం లేదు. అప్పుడు చెప్పినా సరిపోయేది. శివకుమారి డాక్టరమ్మకు ఫోను చేస్తే, మళ్లా మందు తెచ్చి వేసిపోయేది. తెగులు ఇంకా ఊర్లోకి రానేలేదు. చెప్పలేదు. "కాఫీ తాగుతావా అక్కా" అన్నా.

ఎండలు ముదిరినాక మారెమ్మ జాతర వచ్చింది. చుట్టాలంతా పక్క ఊర్లనుంచి మొక్కుబడి కోళ్లను సంచుల్లో, బుట్టల్లో పెట్టుకోనొచ్చినారు. ఎవురి కోడి వెంట వచ్చిందో, జాతర ముగిసి బంధువులు పోయినారు, కొక్కెర మాత్రం ఊర్లో నిలబడిపోయింది. ముందు పై వీధిలో నీలి రింగు కోళ్లు పడిపోయినాయి. ఆ వెనక మా వీధికి వచ్చింది.

మా వీధిలో పడింది ఎర్ర రింగుకి. ఉరుకుందక్క గూట్లో పొద్దున ఒకటి మెడ తిప్పింది, సాయంత్రానికి ఇంకొన్ని. ఆమె ఒక్కొక్కదాన్ని కొంగులో చుట్టుకోని నీళ్లు తాపుతాంటే, కొంగులోనే పోయినాయి. గుంత తీసేదానికి ఆమెతో కాదు, గడ్డపార నేను పట్టుకున్నా. నేను చేసిన దానికి నేనే గుంత తీస్తాండా అని ప్రతి పోటుకూ నాకు తెలుస్తానే ఉండాది. ఆమె కోళ్ల రెక్కలు సర్ది, మన్ను వేసింది. ఏడ్వలేదు. నా వాకిట్లో తిరిగే కోళ్ల పక్క చూసి ఒక మాట అనింది.

"నాకు నీళ్లు పడినట్టుండాది భీమీ. నా రాత. నీకైనా మందు పడింది, అదే మేలు. పోయినేడు నువ్వు ఏడ్చిన ఏడుపు నేను మళ్లా చూడలేను."

గడ్డపార కడిగేదానికి పోతాండా అని లేచి వచ్చేసినా. దొడ్లో తొట్టికాడ నిలబడి ఏడ్చినా. ఎవురైనా చూస్తే కోళ్లకోసం అనుకుంటారని, అదొక ధైర్యం.

తరువాత డాక్టరమ్మ వచ్చి, మిగిలిన కోళ్ల రెక్కల కింద నుంచి రక్తం తీసుకోని, బుడ్లు కూడా తీసుకోని పోయింది. ఆ దినం నుంచి వీధిలో గుసగుసలు మొదలయినాయి. మా వీధి మాత్రం ఏంటికి తిరగబడింది, చుక్కలేసిన పిల్ల ఇంటివి మాత్రం ఎట్ల బతికినాయి అని. శివకుమారి చెవిన పడింది. అన్నం ముందర కూర్చోని మెతుకులు కెలికి లేచిపోయేది. "ఏమయింది పాపా" అని అడిగినా. సిగ్గులేకుండా నేనే అడిగినా.

"ఏం లేదత్తా. నేనేమన్నా తప్పు చేసినానేమో అని గుర్తు చేసుకుంటాండా" అనింది.

మళ్లా డాక్టరమ్మ వచ్చిన దినం, మా వాకిట్లోనే మంచమేసి కూర్చోబెట్టినాము. ఆడోళ్లు గోడల వెంబడి చేరినారు. ఉరుకుందక్క కూడా వచ్చింది, చేతిలో ఖాళీ బుట్ట ఉండాది. ఏంటికో నాకు అప్పుడు అర్థం కాలేదు.

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. కడపలో సీలు తీసినారంట. మందు ఎర్రమూతదే. మిగతా వీధులన్నిట్లో ఎర్ర రింగు కోళ్లు నిలబడినాయి, నీలి రింగువి పోయినాయి. మా ఒక్క వీధే తలకిందులయింది. "బుడ్లలో అడుగున మిగిలిన చుక్కలు పరీక్ష చేసినాము. ఎర్రమూత బుడ్డిలో ఉన్నింది ఉప్పునీళ్లు. మేము నింపేటప్పుడు ప్రతి వీధికీ ఒక జత మా కాడ కూడా పెట్టుకుంటాము, అది సరిగ్గానే ఉండాది. అంటే మూతలు ఈడికొచ్చినాకే మారినాయి. శివకుమారీ, సంచి నీ కాడనే ఉండాది కదా తల్లీ. ఏం జరిగింది?"

"నాకు తెలీదు మేడం. నేను మూతలు తీసిందే కోళ్లకాడ" అనింది ఆ పిల్ల.

"తెలీకేం? తన ఇంటి కోళ్లకు మందు వేసుకునింది, మా కోళ్లకు నీళ్లు పోసింది" అని ఎవురో అనేసినారు.

డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపింది. "నేనట్ల అనుకోను. కానీ మా పెద్దోళ్లు అడిగితే నా కాడ జవాబు లేదు. నందికొట్కూరు పనికి ఇంగ నిన్ను పంపలేను తల్లీ."

శివకుమారి తల వంచుకోని, "నేనే చేసినానేమో మేడం. సంచిలో సర్దేటప్పుడు మూత ఊడి, మళ్లా పెట్టేటప్పుడు తారుమారు చేసినానేమో. అట్లనే అయ్యుంటాది" అనింది. చేయని తప్పును ఆ పిల్ల తన మీదికే వేసుకుంటాండాది. నేను ఎదురుగా నిలబడి ఉండాను. అప్పటికీ నా నోరు రాలేదు.

వచ్చింది ఉరుకుందక్క నోరు. మోకాలి మీద చెయ్యి పెట్టుకోని ముందుకొచ్చింది. "ఆ పిల్లను అనాకండి. పోయినవి నా కోళ్లు. ఆ పిల్ల చేత్తో దొంగపని జరగదు, ఆ ఇంట్లో ఎవురూ అట్లాంటోళ్లు కాదు. నాకు లేని అనుమానం మీకేంటికి?"

ఆ ఇంట్లో ఎవురూ అట్లాంటోళ్లు కాదు. ఆ మాట నేను ఓర్చుకోలేకపోయినా.

"మూతలు మార్చింది నేను" అన్నా.

ఎవురికీ వినపడలేదనుకుంటా. నా గొంతు నాకే కొత్తగా ఉండాది. మళ్లా చెప్పినా. కింది వీధిలో కోళ్లు కండ్లు కార్చింది చూసి కనిపెట్టినానని, పాలు పిండే లోపల మార్చినానని, శివకుమారికి ఏమీ తెలీదని, ఎర్రమూత అక్కది అని తెలిసే చేసినానని, అంతా చెప్పినా. గోడలకాడి ఆడోళ్లు తిట్టింటే బాగుండు అనిపించింది.

డాక్టరమ్మ మంచం మీదనుంచి లేచింది. "శివకుమారి పనికి ఇంగేం అడ్డం లేదు. ఈ వీధిని మాత్రం లెక్కలోనుంచి తీసేయాల" అనింది.

"అంటే మా కోళ్లు సచ్చింది కూడా లెక్కలోకి రాదా?" అని అడిగింది ఉరుకుందక్క.

డాక్టరమ్మ ఆమె మొగం చూడలేకపోయింది. "రాదమ్మా" అనింది. తరువాత నా పక్క తిరిగి, "మిమ్మల్ని ఏమనాలో నాకు తెలీడం లేదు. సగం ఊరికి నీళ్లు పోసి, తెగులు ఎప్పుడొస్తాదా, నా మందు సంగతి ఎప్పుడు తేల్తాదా అని కాసుకోని కూర్చున్నదాన్ని నేను. వచ్చిందని ఫోను వస్తే ముందు నాకు సంతోషమే కలిగింది. ఆ మాట మా ఇంట్లో కూడా చెప్పుకోలేదు" అనింది. మిగిలిన అన్ని ఇండ్లకూ మందు వేసేదానికి మరుసటి వారమే వస్తానని చెప్పి జీపెక్కింది.

శివకుమారి లోపలికి పోతా పోతా నా ముందర నిలబడింది. "ఇన్ని దినాలూ నేను అన్నం తినకపోతే నువ్వు చూస్తానే ఉండావు కదత్తా" అనింది, అంతే. కొట్టినా నాకు అంత తగిలేది కాదు.

అందరూ పోయినారు. ఉరుకుందక్క మాత్రం బుట్ట పట్టుకోని అట్లనే ఉండాది. అప్పుడు నాకు తట్టింది. ఆమె వచ్చింది ఒక పెట్టను పాలుకు అడుగుదామని. నేను లోపలికి ఉరికి పొడల పెట్టను పట్టుకోనొచ్చి బుట్టలో పెట్టినా. గూట్లోవన్నీ ఒకటి తరువాత ఒకటి పట్టి తెస్తాండా. "ఇవన్నీ నీవే అక్కా. నీ పెట్ట పిల్లలే. అన్నీ తీసుకోని పో" అంటాండా, ఏడుస్తాండా.

ఆమె ఒక్కొక్కదాన్నే బుట్టలోనుంచి తీసి నేల మీదికి వదిలేసింది. పొడల పెట్టను కాసేపు చేతిలో పెట్టుకునింది, తల నిమిరింది, దాన్నీ వదిలేసింది.

"ఇది నీకిచ్చేసినా. ఇచ్చింది నేను మళ్లా తీసుకోను" అనింది. గూటికాడ తిరిగే ఒక నల్ల పెట్టను చూపించింది. "దాన్ని పాలుకియ్యి."

"మన మద్దెన పాలేందక్కా" అన్నా నేను. అని తల కొట్టుకున్నా. ఆ మాట అనే హక్కు నాకు యాడుండాది?

"పాలుకిస్తే తీసుకపోతా భీమమ్మా. లేదంటే లేదు" అనింది. నన్ను భీమమ్మా అని ఆమె పిలిచింది అదే తొలిసారి. ఇచ్చినా.

వీధిలో నీళ్లు పడి మిగిలిన కోళ్లకు ఇప్పుడు అసలు మందు పడింది. శివకుమారే వేసింది. ఆ పిల్ల నందికొట్కూరు పక్క ఊర్లు తిరుగుతాండాది, వారానికొకసారి వచ్చి నాకు అన్నం వండి పెట్టి, అడిగినదానికి జవాబు చెప్పి పోతాది. అంతకుమించి మాట లేదు. నల్ల పెట్ట పొదిగింది. మొన్న ఉరుకుందక్క బుట్ట ఎత్తుకోని చుట్టూ తిరిగి వచ్చింది. అరుగు మీద బుట్ట పెట్టి, మూత తీసి, పక్కకు జరిగింది.

"సగం. సరిగ్గా ఉండాయేమో చూసుకో భీమమ్మా" అనింది.

నేను వంగి చూసుకున్నా. సరిగ్గానే ఉండాయి. ఆమె చెయ్యి నా వీపు మీద పడ్తాదేమో అని కాసేపు అట్లనే వంగి ఉన్నా. లేచి చూస్తే ఆమె అప్పటికే గోడమలుపు కాడికి పోయింది.